రెండుసార్లు రమ్మంటే

తప్పు దొరికి చాలాసేపయింది. దొరికింది కాబట్టే పెద్దకోడలు కదలకుండా కూర్చుంది, మౌస్ మీద చెయ్యి పెట్టి, స్క్రీన్ మీది ఎర్రక్షరాల వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ చదువుకుంటూ, మధ్యమధ్యలో ప్లైవుడ్ గోడ అవతలి చప్పుళ్ళకు చెవి ఒగ్గుతూ. అవతల చిన్నకోడలు కూడా కదలడం లేదు. ఆ కుర్చీ చక్రం కిర్రుమనడం లేదు, ఆ దిక్కుమాలిన కీబోర్డు టపటపలాడటం లేదు. మాటల్లేని మనిషి పక్కగదిలో ఏళ్ళ తరబడి ఉంటే చెవులు వాటంతటవే పదునెక్కుతాయి. ఏ మీట నొక్కిందో, ఎంత విసురుగా నొక్కిందో, నొక్కాక నీళ్ళు తాగిందో లేదో, అన్నీ తెలుస్తాయి. ఇంత నిశ్శబ్దంగా ఉందంటే దానికీ దొరికిందన్నమాట. దొరికి, కుక్కిన పేనులా కూర్చుంది, దొంగమొహం. నాలుగింటికి ఆస్పత్రి యంత్రాల కంపెనీ మనిషి వస్తాడు. కింద హాల్లో పెద్ద తెర మీద పేజీ తెరుస్తారు, అనువాదకులంతా ఎక్కడెక్కడి నుంచో ఒకే పేజీ మీద ఒకేసారి రాస్తుంటే అతను చూసి తలాడించాలి. ఇప్పుడు తెరిస్తే తెల్లకాగితం, దాని మధ్యలో గిరగిరా తిరిగే చక్రం, అంతే. పొద్దున అత్తగారు మెట్ల మధ్యలో నిలబడి, రెండు గదులకూ వినపడేటట్టు అంది: "నాలుగింటికల్లా అది నడవాలి. తప్పెవరిదో రేపు బయటి ఇంజనీరు వచ్చి ఇద్దరి మెషిన్లూ చూసి చెబుతాడు. ఎవరిదైతే వాళ్ళు ఇంట్లో కూర్చుంటారు. మీ ఇద్దరి పంచాయితీ ఇక నా వల్ల కాదు." అని గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగిపోయింది, పాపం మోకాళ్ళ నొప్పులు ఆమెకి.

ఇంట్లో కూర్చోవడం. అనడానికెంత, రెండు మాటలు. కూర్చున్నవాళ్ళకు తెలుసు అదేమిటో. పెద్దకోడలు ఒకసారి కూర్చుంది. కడుపులో బిడ్డ పోయాక, డాక్టరు విశ్రాంతి అన్నాక, మొగుడు సరుకు అమ్ముకునేవాడిలా ఊళ్ళు పట్టుకు తిరుగుతుంటే, ఆ మూసిన గదిలో కిటికీ ఊచలు లెక్కపెట్టుకుంటూ, గ్యాస్ స్టవ్ తుడిచిందే తుడుస్తూ, పక్కింటి వాషింగ్ మెషిన్ ఎప్పుడు నీళ్ళు వదులుతుందో కూడా కంఠతా వచ్చేదాకా కూర్చుంది. అక్కణ్ణుంచి లేపి ఈ కుర్చీలో కూర్చోబెట్టింది ఈ పనే. రోజూ పొద్దున వచ్చి మెషిన్‌లోకి వెళ్ళగానే, రాత్రంతా ఎవరెవరు వచ్చారో, ఏం అడిగారో, ఎవరికి తలుపు తీశానో ఎవరికి తియ్యలేదో ఒక్కో వరుసగా అది చెబుతుంటే, హమ్మయ్య, నన్ను ఒకళ్ళు ఏదో అడిగారు, నేను జవాబిచ్చాను అనిపిస్తుంది. నవ్వుకుంటే నవ్వుకోండి. ఈ కుర్చీ పోతే ఆ కిటికీయే గతి, అందుకే ఆమె దాన్ని ఎవరికీ వదలదు. చిన్నదానికైతే అసలే వదలదు.

ఈ ఇంటి వ్యాపారం మాటలది. యంత్రం కొంటే డబ్బాలో ఒక చిన్న పుస్తకం వస్తుందే, ఈ మీట నొక్కండి, తడిచేత్తో ముట్టుకోకండి అంటూ, దాన్ని ఒక భాషలోంచి ఇంకో భాషలోకి మార్చడం. మామగారు పోయాక అత్తగారు ఒక్క టైపు మిషనుతో, ఇద్దరు మగపిల్లల్నీ చెరోపక్కన కూర్చోబెట్టుకుని మొదలుపెట్టింది. ఇప్పుడు అనువాదకులు ఎవరిళ్ళలో వాళ్ళుండి ఒకే పేజీ తెరిచి రాస్తారు, ఒకరు దిద్దింది మిగతా అందరికీ అప్పటికప్పుడే కనపడుతుంది. ఆ రాసే అప్లికేషన్ చిన్నకోడలిది. దాని ముందుండే మెషిన్ పెద్దకోడలిది. రివర్స్ ప్రాక్సీ అంటారు దాన్ని, పేరు విని ఏదో అనుకుంటారు గానీ అది చేసేది వీధి గుమ్మంలో కూర్చున్న మనిషి పనే. బయటివాళ్ళు ఏమడిగినా దాన్నే అడగాలి. అది లోపలికెళ్ళి అడిగి, జవాబు తెచ్చి ఇవ్వాలి. బయటివాళ్ళు లోపలి మనిషి మొహం చూడరు, లోపలి మనిషికి బయటివాళ్ళ మొహం తెలియదు. ఇద్దరూ చూసేది గుమ్మంలో మనిషినే. మొదట్లో, ఇంకా మాటలున్న రోజుల్లో, ఈ రెండింటినీ ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని కట్టారు, ఒకే ఫ్లాస్కులో టీ తాగుతూ. అప్పట్లో చిన్నది తెగ నవ్వేది. ఏది చూసినా నవ్వే, లోపం కనపడినా నవ్వే. ఆ నవ్వు ఎలా ఉండేదో ఇప్పుడు గుర్తు తెచ్చుకోబోతే రావడం లేదు, పోనీ, రాకపోతే పీడాపోయింది.

మాటలు పోయాక అన్నీ అత్తగారి మీదుగానే. ఈ గదిలోంచి ఆ గదికి నాలుగడుగులు, మాట మాత్రం కింది అంతస్తు దాకా దిగి, అత్తగారి బల్ల చుట్టి, మళ్ళీ మెట్లెక్కి రావాలి. "పెద్దమ్మాయ్, చిన్నది అంటోంది, వచ్చేవాళ్ళంతా ఒకే అడ్రసుతో వస్తున్నారట, నీ మెషిన్ అడ్రసుతో. అసలు ఎవరు ఎవరో తెలియక చస్తున్నానంటోంది." ఆ రోజు ఒక్క వాక్యం రాసి సరిచేసింది, అసలు వచ్చిన మనిషి అడ్రసు కూడా లోపలికి అందేటట్టు. అందిందని చెప్పడానికి కూడా అటునుంచి ఒక మాట రాలేదు. వచ్చిందేమో, అత్తగారు మర్చిపోయిందేమో. అత్తగారు మర్చిపోదు. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు, ఇంక మాట నిలుస్తుందా?

పొద్దుటి నుంచి ఎన్ని వెతికిందని. రాసే పేజీలో కనెక్షన్ తెరిచే ఉండాలి, లేకపోతే ఒకరి మాట ఇంకొకరికి అందదు. గుమ్మంలో కూర్చునే ముందు మెషిన్ దాన్ని మామూలు కనెక్షన్ అనుకుని మూసేస్తోందేమోనని ఆ వరుసలన్నీ చూసింది. అవి బాగానే ఉన్నాయి. మాట్లాడకుండా కాసేపు ఊరుకుంటే తెగ్గొట్టే గడువు ఒకటుంటుంది, అది పెంచింది. సర్టిఫికెట్ గడువు చూసింది. లోపలికి పంపే దారి పేరులో చివర ఒక్క గీత ఎక్కువైనా తప్పుదారి పడుతుంది, వేలుపెట్టి అక్షరం అక్షరం చూసింది. ఈలోపు ఫోను. కామాల మాస్టారు. అనువాదకులందర్లోకి పెద్దాయన, తనకు కామా కనపడకపోతే నిద్రపట్టదు. "అమ్మా, నిన్న సాయంత్రం నేను దిద్దిన పేజీ రావడం లేదు. నా కామాలన్నీ ఉన్నాయా, పోయాయా?" ఉన్నాయండీ, ఎక్కడికీ పోలేదండీ. "చక్రం తిరుగుతోందమ్మా." తిరుగుతుందండీ, మీరు కాస్త ఓపిక పట్టండి. "ఓపిక పట్టడానికి నాకేం వయసుందమ్మా?" అని పెట్టేశాడు. ఈయన ఒకడు, చెవిలో జోరీగ. అయినా ఆయన మీద కోపం లేదు, ఆయన కామాలు ఆయనవి, అడిగే హక్కుంది. కోపమంతా ఆ గోడ అవతల చప్పుడు చెయ్యకుండా కూర్చున్నదాని మీద.

చివరికి ఏం చూసిందీ? ముందే చూడాల్సింది. బ్రౌజర్ తనంతట తాను ఎర్రగా రాసిపెట్టింది. రాసే పేజీకి ఈ పొద్దున్నే కొత్త అడ్రసు వచ్చింది, కంపెనీవాళ్ళు తమ పేరుతో కావాలన్నారని. అడ్రసు మారితే బ్రౌజర్‌కి అనుమానం: ఈ కొత్త అడ్రసు మనిషిని లోపలికి రమ్మన్నారా లేదా? రమ్మన్నామని సర్వర్ చెప్పాలి, జవాబుతో పాటు ఒక అనుమతి వాక్యం పంపాలి. చెప్పకపోతే రానివ్వదు. ఇక్కడిదాకా ఎవరికైనా తెలుసు. ఎవరూ పట్టించుకోనిది ఇంకొకటుంది: ఆ మాట ఒక్కసారే చెప్పాలి. రెండుసార్లు చెబితే కూడా రానివ్వదు. నిన్ను రమ్మన్నాం, నిన్ను రమ్మన్నాం అని రెండు గొంతులు వినపడితే, అక్షరం తేడా లేకుండా రెండూ ఒకే మాట అయినా సరే, తలుపు ధడేలున వేసేస్తుంది. పెద్దకోడలు తన ముందు మెషిన్‌లో ఆ వాక్యం పెట్టింది. పెట్టానని ఆమెకు తెలుసు. మరి రెండోది ఎక్కణ్ణుంచి? ముందు మెషిన్‌లోంచి లోపలి అప్లికేషన్‌ని నేరుగా అడిగి చూసింది, గుమ్మం దాకా రాకముందు ఏమంటున్నావని. అది కూడా రమ్మంటోంది. చిన్నది పెట్టింది. కూరలో ఇద్దరూ ఉప్పు వేశారు, ఇప్పుడు తినబోతే నోట్లో పెట్టుకోవడానికి లేదు.

ఎందుకు పెట్టింది? ఇది ముందు మెషిన్ పని. బయటివాళ్ళను రమ్మనేది వద్దనేది గుమ్మంలో మనిషి. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? కావాలనే పెట్టింది. పేజీ ఆగిపోతే అందరూ ముందు మెషిన్ వైపే చూస్తారని తెలిసి, నాలుగింటికి కంపెనీ మనిషి ముందు పరువు తీసి, రేపటికి కుర్చీ ఖాళీ చేయించి, రెండు గదుల మధ్య ఈ ప్లైవుడ్ పీకించి, మొత్తం తనే ఏలుకోవాలని. పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదే. ఆదివారం నాడు భోజనానికి వస్తే అత్తగారు వంటగదిలో పక్కకు పిలిచి మరీ చెప్పింది, "ఆ కొత్త అడ్రసుకు అనుమతేదో పెట్టాలట, కంపెనీవాళ్ళు ఫోన్ చేశారు. నువ్వు పెట్టు పెద్దమ్మాయ్. దానికి చెబితే చేతకాదు, పైగా వంకలు పెడుతుంది." ఎంత పొంగిపోయింది ఆ మాటకి. సెలవురోజని కూడా చూడకుండా, తడిచేతులు చీరకు తుడుచుకుని, వెంటనే పైకెక్కి పెట్టొచ్చింది. అత్తగారికి తన విలువ తెలుసు. ఎవరికి తెలియకపోయినా ఆమెకు తెలుసు. ఆస్పత్రిలో బిడ్డ పోయిన రోజు మొగుడు వరండాలో తల పట్టుకుని కూర్చుంటే, మంచం పక్కన కూర్చుని, చిక్కుపడిన జుట్టంతా దువ్వి, గట్టిగా జడ వేసింది ఆమె. ఒక్క ఓదార్పు మాట అనలేదు. జడ వేసింది, అంతే. కన్నతల్లి కూడా అలా చెయ్యలేదు.

అదే అత్తగారు ఒకరోజు మెట్ల దగ్గర, కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "నీకు చెప్పకూడదు గానీ, చెప్పకపోతే నాకు కంటిమీద కునుకు రాదు. చిన్నది ఏమందో తెలుసా? పిల్లలు లేనివాళ్ళకు మెషిన్లే పిల్లలు, పొద్దస్తమానం వాటికి ముక్కులు తుడుచుకుంటూ కూర్చుంటారు అంది. మనసులో పెట్టుకోకు," అంది. మనసులో పెట్టుకోకుండా ఇంకెక్కడ పెట్టుకోవాలి, డబ్బాలోనా? ఆ రోజు నుంచి మాటల్లేవు. ఎందుకన్నావని అడగలేదు. అడిగితే ఏడుపొస్తుంది, ఆ ఏడుపు దానికెందుకు చూపించాలి? ఇద్దరు పిల్లల తల్లి, వాళ్ళ బొమ్మలు గోడకంటించుకుని కూర్చుంటుంది, దాని ముందా? పెద్దకోడలే ఆ బల్ల కోయించి రెండు చేయించింది, మధ్యలో ప్లైవుడ్ కొట్టించింది, పైన జానెడు ఖాళీ వదిలారు గాలి కోసం, ఒకే ఫ్యాను రెండు గదులకీ. ముక్కులు తుడుచుకుంటూ. ఆ మాట ఎన్నిసార్లు తిరిగిందో బుర్రలో, అన్నం తింటుంటే, స్నానం చేస్తుంటే, బస్సు కోసం నిలబడితే. ఇప్పుడు కూడా తిరుగుతోంది, తెర మీద చక్రంలా.

సరే, ఏం చెయ్యాలి? దారులు లేక కాదు. లోపలినుంచి వచ్చే అనుమతిని గుమ్మంలోనే దాచేసి, తనది మాత్రమే పంపే వాక్యం ఒకటుంది. రాస్తే చిటికెలో పేజీ తెరుచుకుంటుంది. కానీ రేపు బయటి ఇంజనీరు ఆమె ఫైలు తెరిస్తే అది కనపడుతుంది, తెలిసే దాచావన్నమాట అంటాడు, పొద్దుట్నుంచి తెలిసీ ఎందుకు చెప్పలేదంటాడు. అది కాదు. ఇంకొకటి. తనది తీసెయ్యడం. చప్పుడు కాకుండా, ఎవరికీ చెప్పకుండా తీసేసి, ఏమీ ఎరగనట్టు కూర్చోవడం. పేజీ నడుస్తుంది. నేనేం ముట్టుకోలేదే అంటుంది తను. మరి ఎలా నడిచింది? ఏమో, చిన్నది ఏదో తీసేసి ఉంటుంది. తీసిందంటే తప్పు దానిదే కదా. లోపలి అప్లికేషన్‌లో ఆ వాక్యం రేపటిదాకా అలాగే పడి ఉంటుంది, ఇంజనీరు దాన్ని చూస్తాడు, ముందు మెషిన్ చేసే పనిలో లోపలావిడ వేలెందుకు పెట్టిందని అడుగుతాడు. భలే. చేతికి మట్టి అంటకుండా మొక్క పీకేయొచ్చు. ఇంత కుళ్ళు నాలో ఎక్కడుంది అని ఒక్క క్షణం అనిపించింది. ఉంటుంది. అందరిలోనూ ఉంటుంది, అవసరం రావాలి గానీ. గడియారం చూసి, ఊపిరి బిగబట్టి, మీటలు వేళ్ళ చివర్లతో నొక్కుతూ, అవతలికి వినపడకుండా, ఆ వాక్యాన్ని చెరిపేసి, మెషిన్‌కి కొత్త ఫైలు చదువుకోమని చెప్పింది. పేజీ మళ్ళీ తెరిచింది.

చక్రం తిరిగింది. ఎర్రక్షరాలు వచ్చాయి. కానీ ఇప్పుడు వేరే ఎర్రక్షరాలు: అసలు అనుమతే లేదు, ఎవరూ రమ్మనలేదు. ఏమిటిది? లోపలి అప్లికేషన్‌ని మళ్ళీ నేరుగా అడిగింది. అది నోరు మూసుకుంది. ఇందాక రమ్మన్నది ఇప్పుడు రమ్మనడం లేదు. చిన్నది కూడా తీసేసింది. ఇప్పుడే, ఇదే నిమిషంలో, అదే బుద్ధితో, బహుశా అలాగే వేళ్ళ చివర్లతో మీటలు నొక్కుతూ. అందుకే చప్పుడు వినపడలేదు. ఓసి దీని తెలివి తెల్లారా. పెద్దకోడలికి ఒళ్ళంతా మండింది, తను చేసిన పనే అవతలి మనిషి చేస్తే అంత మంట ఎందుకో ఆమెకే తెలియదు. పెట్టేద్దాం మళ్ళీ. ఎవరో ఒకరు రమ్మనాలి కదా. గబగబా రాసింది, పెట్టింది, తెరిచింది. మళ్ళీ మొదటి ఎర్రక్షరాలు. రెండు. అదీ పెట్టేసింది. సందులో ఎదురుపడ్డ ఇద్దరు దారి ఇవ్వబోయి ఒకే పక్కకు తప్పుకున్నట్టు, ఇటంటే ఇటు, అటంటే అటు. ఈసారి తియ్యాలా, ఉంచాలా? తీస్తే అదీ తీస్తుంది. ఉంచితే అదీ ఉంచుతుంది. నేనేమనుకుంటున్నానో అది కూడా అదే అనుకుంటోంది, నేను ఆగితే అదీ ఆగుతుంది, దాని పుర్రెలో ఉన్నది నా పుర్రెలో ఉన్నదే. దొందూ దొందే. ఈ ఆలోచన ఎంత అసహ్యంగా ఉందంటే, ఎవరో తన చెప్పుల్లో కాళ్ళు పెట్టి నడుస్తున్నట్టుంది.

కింద వీధి తలుపు తెరిచిన చప్పుడు. మరిది గొంతు, మామూలుకన్నా రెండింతల మర్యాదతో. రండి రండి, దారిలో ఇబ్బంది కాలేదు కదా. కంపెనీ మనిషి బూట్లు హాల్లోకి. కుర్చీలు జరిపారు. ఇక తెర పైకి లాగుతారు, ప్రొజెక్టర్ వేస్తారు, తెల్లకాగితం మీద చక్రం తిరుగుతుంది, కామాల మాస్టారు అక్కడెక్కడో కళ్ళజోడు సర్దుకుని ఎదురుచూస్తూ ఉంటాడు. గోడ అవతల కుర్చీ చక్రం కిర్రుమంది. అది మీటల మీదికి వంగింది. తీయబోతోంది. తనూ తీయబోతోంది. నోరు పెగిలింది, పెగలాలని ఆమె అనుకోలేదు.

"ముట్టుకోకు."

ప్లైవుడ్ వైపు చూస్తూ అంది. అవతల కుర్చీ చక్రం ఆగింది. ఫ్యాను తిరుగుతోంది.

"ఎవర్ని అంటున్నావు?"

"గోడని. నువ్వు పెట్టింది ఉంచు. నాది నేను తీస్తాను."

"తీసి, రేపు నాది తప్పని చెప్పడానికా?"

"తీసింది నేనైతే తప్పు నాదవుతుంది. ఆ మాత్రం తెలియదా?"

"నీ మాట నేనెందుకు నమ్మాలి?"

"నమ్మకు. చేతులు మాత్రం బల్ల కింద పెట్టుకో."

అక్కా అని పిలవలేదు అది. ఇదివరకు మాటకు ముందొక అక్కా, మాట వెనకొక అక్కా. గొంతు కాస్త బొంగురుపోయింది, లేకపోతే ఎప్పుడూ అంతేనేమో. పెద్దకోడలు తన వాక్యాన్ని చెరిపింది. ఈసారి మీటలు గట్టిగానే నొక్కింది, వినపడనీ. పేజీ తెరిచింది. చక్రం ఒక్కసారి తిరిగి మాయమైంది. అక్షరాలు వచ్చాయి, వరుసలు వరుసలుగా, రక్తం పరీక్షించే యంత్రాన్ని శుభ్రం చేసే పద్ధతి, వాటి మధ్యలో రంగురంగుల గీతలు మినుకుమంటూ, ఒక్కో గీత ఒక్కో మనిషి. ఆకుపచ్చ గీత పరుగున వచ్చి మూడో వరుసలో ఒక కామా పెట్టింది. కింద ఎవరో ఓహో అన్నారు. అయిపోయింది. పేజీ నడుస్తోంది, కుర్చీ పోయింది. కోపం మాత్రం అలాగే ఉంది, ఇక దాన్ని దాచుకోవాల్సిన అవసరం కూడా లేదు.

"అసలు నిన్నెవరు పెట్టమన్నారు అది? ముందు మెషిన్ పనిలో నీ వేలెందుకు?"

"నా అంతట నేనేం పెట్టలేదు. అత్తయ్య పెట్టమంది. ఆదివారం ఫోన్ చేసి చెప్పింది. నువ్వు పెట్టు చిన్నమ్మాయ్, దానికి చెబితే చేతకాదు, పైగా వంకలు పెడుతుంది అని."

దానికి చెబితే చేతకాదు, పైగా వంకలు పెడుతుంది. మాట మారలేదు, వరుస మారలేదు. ఈ చెవిలో ఒకసారి, ఆ చెవిలో ఒకసారి. మతిమరుపా? అత్తగారికా? మామగారు పోయిన ఏడు ఏ దుకాణంవాడు ఏమన్నాడో ఇప్పటికీ అప్పజెబుతుంది ఆమె. ఇద్దరికీ ఒకే పని చెప్పింది, ఇద్దరూ పోటీపడి చెయ్యాలని. చేతకాని ఇంకొకరు గోడ అవతల ఉంటేనే ఇద్దరూ ఆమె మొహం చూసి బతుకుతారని. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర టీ తాగే రోజుల్లో కింద ఆమె ఒక్కతే కూర్చుని ఏం చేసేదో పెద్దకోడలు ఎప్పుడూ ఆలోచించలేదు. జడ వేసింది కూడా ఆ చేతులే. అది అబద్ధం కాదు, అది అబద్ధమైతే బాగుండు, తేలికగా ఉండేది. ఆ పాత మాటను గుర్తు తెచ్చుకుంది. పిల్లలు లేనివాళ్ళకు మెషిన్లే పిల్లలు. ఇన్నేళ్ళుగా బుర్రలో తిరుగుతున్నదే, చిన్నది అన్న మాట. ఇప్పుడే విన్న ఆ బొంగురు గొంతుతో మనసులో పలికించి చూసింది. కుదరలేదు. ఎన్నిసార్లు చూసినా ఆ మాట కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకునే వస్తోంది. వేరే గొంతులో ఆమె దాన్ని ఎన్నడూ వినలేదు.

"నేనొకటి అడుగుతాను," అంది గోడతో. "పిల్లలు లేనివాళ్ళకు మెషిన్లే పిల్లలు అన్నావా నువ్వు?"

ఫ్యాను తిరుగుతోంది. కింద మరిది ఏదో జోకు వేశాడు, కంపెనీ మనిషి నవ్వాడు. అవతల కీబోర్డు చప్పుడు లేదు, నీళ్ళ సీసా మూత చప్పుడు లేదు. ఆ మౌనం దొరికిపోయిన మనిషిదా, దెబ్బతిన్న మనిషిదా, ఆమె చెవులకు మొదటిసారి తెలియలేదు. చాలాసేపటికి ఆ గొంతు వచ్చింది, బాగా తగ్గి.

"ఎవరితో అన్నానంట?"

మెట్ల మీద అడుగులు. ఒక్కో మెట్టుకూ ఆగి, గోడ పట్టుకుని, మళ్ళీ ఒకటి. ఇద్దరికీ తెలిసిన అడుగులే. అత్తగారు వసారాలోకి వచ్చి, రెండు గదుల గుమ్మాలూ కనపడే చోట, ఎప్పుడూ నిలబడే చోటే నిలబడింది. ఆయాసపడుతోంది. మొహం మాత్రం వెలిగిపోతోంది, కంపెనీ మనిషి తలాడించాడు కాబోలు.

"నడిచింది, మంచిదే. ఇంజనీరు రాకముందే చెప్పేస్తే మర్యాదగా ఉంటుంది. తేలిందా తప్పెవరిదో?"

గోడ అవతల కుర్చీ కిర్రుమంది. చక్రాలు నేల మీద రాసుకుంటూ గుమ్మం దాటి, వసారాలోకి వచ్చి, అత్తగారి మోకాళ్ళ వెనక ఆగాయి. ఖాళీ కుర్చీని తోసుకొచ్చిన చెయ్యి దాని వీపు మీదే ఉంది. పెద్దకోడలు లేచి తన గుమ్మంలోకి వచ్చింది. చిన్నదాని మొహం చూడలేదు, చూడాలని లేదు, ఆ లెక్క వేరే, ఇంకా తేలలేదు. అత్తగారినే చూసింది.

"తేలిందత్తయ్యా. కూర్చోండి."